ఫ్లోరోసిస్ మచ్చల పళ్ళకి ఏది చేయించుకోవాలి: బ్లీచింగా, మైక్రోఅబ్రేషనా, ఐకానా, వెనీర్లా?

పళ్ళు తయారయ్యే వయసులో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్తే పళ్ళకి మచ్చలు పడతాయి, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. ఇలా పళ్ళ మీద తెల్ల మచ్చలో గోధుమ రంగు చారలో ఉన్నవాళ్ళు ముగ్గురు డెంటిస్టుల దగ్గరికి వెళ్తే ఒకరు బ్లీచింగ్ అంటారు, ఇంకొకరు ఆరు పళ్ళకీ వెనీర్లు, అంటే పంటి ముందు అతికించే పల్చటి పింగాణీ రేకులు, వేసేద్దాం అంటారు, మూడో ఆయన ఏం అక్కర్లేదు వదిలేయమంటారు. ముగ్గురూ చూసింది అవే పళ్ళు, మరి ఎవరి మాట వినాలి? నాకు పై ముందు పళ్ళు రెండిటి మీద చిన్నప్పట్నుంచీ గోధుమ రంగు పట్టీలు ఉండేవి, ఫోటో అంటే చాలు పెదాలు బిగించేసేదాన్ని. పంతొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి చూపించుకుంటే ఐదు నిమిషాల్లో వెనీర్లు అనేశారు, దానికోసం పన్ను అరగదీస్తారన్న సంగతి నేను అడిగితే గానీ బయటికి రాలేదు. భయమేసి లేచొచ్చేశా. రెండేళ్ళ తర్వాత ఇంకోచోట మైక్రోఅబ్రేషన్, అంటే మచ్చ ఉన్న పై పొరని పేస్ట్‌తో కొంచెం రుద్ది తీసేయడం, చేసి, ఆ తర్వాత ఇంట్లో పెట్టుకునే బ్లీచింగ్ ట్రే ఇచ్చారు, దాంతోనే సరిపోయింది. అప్పట్నుంచీ ఎవరడిగినా ఒకటే చెప్తున్నా, మచ్చ ఎంత ముదురు రంగులో ఉందన్నదాని కంటే అది ఎంత లోతుకి వెళ్ళిందన్నదే ముఖ్యం, ఎందుకంటే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్‌ని ఒకసారి గీకేస్తే మళ్ళీ పెరగదు, కాబట్టి తక్కువ కోత ఉన్నదాంతో మొదలుపెట్టి, చాలకపోతేనే తర్వాతదానికి వెళ్ళాలి.

ముందు అది ఫ్లోరోసిసేనా

తెల్ల మచ్చ కనపడితే చాలు ఫ్లోరైడ్ అనుకుంటాం కానీ అచ్చం ఇలాగే కనపడేవి ఇంకా నాలుగైదు ఉన్నాయి, వాటికి ట్రీట్‌మెంట్ వేరు.

ఫ్లోరోసిస్ ఎప్పుడూ జంటగా వస్తుంది. కుడి ముందు పంటి మీద ఏ ఎత్తులో చార ఉంటే ఎడమ పంటి మీద కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే ఆ రెండు పళ్ళూ చిగురు లోపల ఒకే టైములో తయారయ్యాయి, ఎక్కువ ఫ్లోరైడ్ రెండిటికీ ఒకేసారి తగిలింది. మచ్చ అంచు కూడా ఇక్కడ మొదలై ఇక్కడ ఆగింది అన్నట్టు ఉండదు, పొగలాగా చుట్టుపక్కలకి కలిసిపోతుంది, తేలికగా ఉన్నప్పుడు పంటికి అడ్డంగా సన్నటి తెల్ల గీతలు ఉంటాయి, పంటి కొనల మీద మంచు పడ్డట్టు తెల్లగా ఉంటుంది.

ఒకే ఒక్క పంటి మీద మచ్చ ఉంటే అది చాలావరకు ఫ్లోరోసిస్ కాదు, చిన్నప్పుడు దాని పైనున్న పాలపన్నుకి దెబ్బ తగలడమో చీము పట్టడమో జరిగుంటుంది. చిగురు అంచునే పట్టుకుని సుద్దలా తెల్లగా, ముఖ్యంగా బ్రేసెస్ తీసేశాక కనపడిందంటే అది పుచ్చు మొదలవుతున్న గుర్తు, దాని సంగతి వెంటనే చూడాలి. ఆరేళ్ళకి వచ్చే దవడ పళ్ళ మీద, దాంతోపాటు ముందు పళ్ళలో ఒకటో రెండో వాటి మీద గట్టి అంచులున్న పసుపు మచ్చలు, అవి కూడా ఎడమా కుడీ పొంతన లేకుండా ఉంటే ఎంఐహెచ్ అనే ఇంకో సమస్య. పన్ను మొత్తం బూడిద రంగులోనో గోధుమ పట్టీలుగానో ఉంటే చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందు వాడారేమో ఇంట్లో అడగాలి. ఇక గార అంటారా, అది పంటి పైన పట్టేది, క్లీనింగ్‌తో పోతుంది. ఫ్లోరోసిస్ మచ్చ క్లీనింగ్‌తో పోదు, ఎన్నిసార్లు చేయించినా పోదు, క్లీనింగ్ తర్వాత గార పోవడంతో ఇంకా స్పష్టంగా కనపడుతుంది కూడా.

లోపల ఏం జరిగింది

ఇది అర్థమైతే ట్రీట్‌మెంట్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి, కాబట్టి ఈ ముక్క దాటేయొద్దు.

పన్ను ఇంకా దవడ ఎముకలో తయారవుతున్నప్పుడు ఎనామిల్ కణాలు ముందు ఒక ప్రొటీన్ అచ్చు వేసి, తర్వాత ఆ ప్రొటీన్‌ని తీసేస్తూ దాని జాగాలో ఖనిజం నింపుకుంటూ పోతాయి. ఆ టైములో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్తే ప్రొటీన్ పూర్తిగా బయటికి పోదు, ఖనిజం పూర్తిగా నిండదు. పైన సన్నటి పొర బాగా గట్టిగా ఉంటుంది, దాని కింద మాత్రం కంటికి కనపడనంత చిన్న చిన్న ఖాళీలతో గుల్లగా ఉంటుంది. వెలుతురు ఆ ఖాళీల్లో చెల్లాచెదురై సుద్ద తెలుపుగా కనపడుతుంది. అంటే తెల్ల మచ్చలో తెల్ల రంగు అనే పదార్థం ఏదీ లేదు, ఉన్నది ఖాళీలే. గోధుమ రంగు పుట్టుకతో రాదు, పన్ను బయటికొచ్చాక ఆ గుల్ల భాగం తినేవాటి తాగేవాటి రంగు పీల్చుకుని అలా మారుతుంది. బాగా ముదిరినదాంట్లో పై పొర నమిలే ఒత్తిడికి విరిగి గుంటలు పడతాయి.

ఇంకో విషయం, పన్ను బయటికి వచ్చేశాక ఎంత ఫ్లోరైడ్ తగిలినా కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. ఎనిమిదేళ్ళ లోపే అసలు కథంతా, పై ముందు పళ్ళకైతే రెండేళ్ళ వయసు అటూ ఇటూ ఎక్కువ ప్రమాదం. పెద్దయ్యాక మచ్చలు పెరుగుతున్నాయి అనిపిస్తే అది రంగు పట్టడమో గుంట విరగడమో అయ్యుంటుంది, లేదా పుచ్చు.

ఈ మచ్చలకి కారణం తెలుసుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే డెంటిస్ట్ అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీస్ పెట్టి, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళకే గోధుమ మచ్చలు ఎందుకున్నాయని వెతకడం మొదలుపెడితే, నీళ్ళలో ఫ్లోరైడ్ అని 1931లో గానీ తేలలేదు. ఆ మచ్చల పళ్ళు పుచ్చడం తక్కువని కూడా ఆయనే గమనించారు, అందుకే తేలికపాటి ఫ్లోరోసిస్ ఉన్న పళ్ళు బలహీనమైన పళ్ళు అని కంగారు పడక్కర్లేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది లోతు. డెంటిస్ట్ పన్ను ఆరబెట్టి చూస్తారు, పంటి వెనక నుంచి లైట్ వేసి కూడా చూస్తారు, ఆ వెలుతురులో మచ్చ కనపడీ కనపడనట్టుంటే పైపైదని, నీడలా నల్లగా అడ్డం పడితే లోతుదని ఒక అంచనా. ఈ లైట్ వేసి చూడకుండా ట్రీట్‌మెంట్ పేరు చెప్పేస్తే మీరే అడగండి, తప్పేం లేదు.

రెండోది రంగు, కానీ లోతు తర్వాతే. గోధుమ రంగు చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ చాలాసార్లు తేలిగ్గా పోతుంది, తెల్ల సుద్ద మచ్చే మొండిది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

మూడోది, పంటి ఆకారం నిలిచుందా లేదా. గుంటలు పడ్డ పంటికి ఏ బ్లీచింగూ గుంట పూడ్చదు.

ఆ తర్వాత వయసు, మళ్ళీ మళ్ళీ చేయించుకునే ఓపిక. కొన్ని ఒకసారితో అయిపోతాయి, కొన్ని జీవితాంతం మార్చుకుంటూ ఉండాలి, ఆ లెక్క మొదటిరోజు ఎవరూ చెప్పరు.

తీవ్రత కొలవడానికి డాక్టర్లు రెండు స్కేళ్ళు వాడతారు. డీన్ స్కేల్ పాతది, చాలా తేలిక, తేలిక, మధ్యస్థం, తీవ్రం అని మాటల్లో చెప్తుంది. రెండోది టీఎఫ్ స్కేల్, 1978లో వచ్చింది, 0 నుంచి 9 దాకా ఉంటుంది. 1, 2 అంటే సన్నటి తెల్ల గీతలు, 4 అంటే పంటి ముఖమంతా సుద్ద తెలుపు, 5 నుంచి గుంటలు మొదలు, 8, 9 అంటే ఎనామిల్ చాలావరకు ఊడిపోయి పంటి ఆకారమే మారిపోవడం. మీ నంబర్ ఎంతో అడిగి రాసిపెట్టుకోండి, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

| ఏం చేస్తారు | ఎవరికి సరిపోతుంది | ఎంత ఎనామిల్ పోతుంది | తర్వాత మెయింటెనెన్స్ |
|---|---|---|---|
| వదిలేయడం | సన్నటి గీతలు, మీకే ఇబ్బంది లేనప్పుడు | ఏమీ పోదు | మామూలు బ్రషింగే |
| బ్లీచింగ్ | తేలిక మచ్చలు, లేత గోధుమ రంగు | తీయరు | ఏళ్ళు గడిచాక టచప్ |
| మైక్రోఅబ్రేషన్ | పైపై గోధుమ మచ్చలు, టీఎఫ్ 4 లోపు | 100 నుంచి 200 మైక్రాన్ల దాకా | దాదాపు ఉండదు |
| రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్, అంటే ఐకాన్ | గుంటలు లేని తెల్ల మచ్చలు | కొన్ని పదుల మైక్రాన్లు | పాలిషింగ్, రంగు గమనించుకోవడం |
| కాంపోజిట్ బాండింగ్ | గుంటలు, లోతు మచ్చలు | కొద్దిగా | కొన్నేళ్ళకి రిపేర్ |
| వెనీర్ | చాలా పళ్ళ మీద లోతు మచ్చలు, మిగతావి పని చేయనప్పుడు | 300 నుంచి 700 మైక్రాన్లు | 10, 15 ఏళ్ళకి మార్పు, జీవితాంతం |
| క్యాప్ | పన్ను విరిగి అరిగిపోయినప్పుడు | పన్ను చుట్టూ మిల్లీమీటరు పైనే | జీవితాంతం |

ఈ మైక్రాన్ల గోల ఎందుకంటే, ముందు పంటి మీద ఎనామిల్ మొత్తం మందమే సుమారు ఒక మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు, చిగురు దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అది దృష్టిలో పెట్టుకుని పై టేబుల్‌లో మూడో కాలమ్ ఇంకోసారి చూడండి.

వదిలేయడం

ఇది కూడా ఒక ఆప్షనే. అద్దానికి ఆనుకుని పన్ను ఆరబెట్టుకుని చూస్తే తప్ప కనపడని గీతలకి ఎవరో చుట్టం అన్న మాట పట్టుకుని ట్రీట్‌మెంట్‌కి పరుగెత్తక్కర్లేదు. పిల్లల విషయంలో మరీ ముఖ్యం, అమ్మానాన్నలకి కనపడినంతగా ఆ మచ్చ పిల్లాడికి కనపడకపోవచ్చు. కొత్తగా వచ్చిన పళ్ళ మీద తేలిక మచ్చలు ఏళ్ళు గడిచేకొద్దీ బ్రషింగ్‌కి పై పొర కొంచెం అరిగి కాస్త తగ్గడం కూడా ఉంటుంది. సీపీపీ ఏసీపీ ఉన్న క్రీములు రాయమంటారు కొందరు, కాల్షియం, ఫాస్ఫేట్ అందించి గట్టిపరచడానికి, జివ్వుమనడం తగ్గడానికి అవి పనికొస్తాయి గానీ పెద్ద మచ్చ దాంతో మాయమవుతుందని ఆశపడొద్దు, పైగా అది పాల ప్రొటీన్‌తో చేసింది, పాల ప్రొటీన్‌కి అలర్జీ ఉన్నవాళ్ళు వాడకూడదు.

బ్లీచింగ్

బ్లీచింగ్ మచ్చని తీయదు, చుట్టూ ఉన్న పన్నుని తెల్లబరిచి మచ్చకీ పంటికీ తేడా తగ్గిస్తుంది. గోధుమ రంగుకి మాత్రం నిజంగానే పని చేస్తుంది, పీల్చుకున్న రంగుని విడగొడుతుంది కాబట్టి.

ఇంటి ట్రే పద్ధతిలో పళ్ళ అచ్చు తీసి పల్చటి ట్రే చేసిస్తారు, అందులో ఎక్కువగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిళ్ళు పెట్టుకోవాలి, మామూలుగా రెండు వారాల నుంచి, మొండి మచ్చలకి ఇంకా ఎక్కువ వారాలు. క్లినిక్‌లో చేసేదాంట్లో ఘాటు ఎక్కువ, గంటలో అయిపోతుంది, కానీ చిగుళ్ళకి కాపు వేయకపోతే మండుతాయి. నా ఓటు ఇంటి ట్రేకే, నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మీకు చాలనిపించినచోట ఆపేయొచ్చు, ఎక్కువ జివ్వుమంటే ఒక రాత్రి మానేయొచ్చు.

ఒకటి మాత్రం ముందే తెలిసుండాలి, లేకపోతే మధ్యలో మానేస్తారు. మొదటి కొన్ని రోజులు తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా, ఎగిరొచ్చినట్టు కనపడతాయి. నేను నాలుగో రోజు పొద్దున అద్దంలో చూసుకుని ఏడుపు మొహం పెట్టా, ఉన్న పళ్ళు కూడా పాడుచేసుకున్నానని. పదిరోజులు దాటాక మిగతా పన్ను కూడా ఆ తెలుపుని అందుకోవడం మొదలైంది. జెల్ వేసినప్పుడు పన్ను ఆరిపోయి కూడా తెల్లగా కనపడుతుంది, అందుకే ఫలితం ఎలా ఉందో తేల్చాల్సింది ట్రే ఆపేశాక రెండు వారాలకి. ఆ రెండు వారాల లోపు బాండింగ్, ఇన్‌ఫిల్ట్రేషన్ లాంటివి చేయించకూడదు, పంట్లో మిగిలిన ఆక్సిజన్ వల్ల వాటిలో వాడే రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం సరిగ్గా అతుక్కోదు.

గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిస్తున్నవాళ్ళు వాయిదా వేసుకోవడమే మంచిది. పుచ్చు ఉంటే ముందు అది పూడ్పించుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి యూరోపియన్ యూనియన్‌లో రూలే ఉంది, 0.1 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్లీచింగ్ వాళ్ళకి వాడకూడదని.

మైక్రోఅబ్రేషన్

గోధుమ మచ్చలున్నవాళ్ళలో చాలామందికి అసలు పేరే తెలియని ఆప్షన్ ఇది, నాకు దీనిమీద ప్రత్యేకమైన అభిమానం. పళ్ళ చుట్టూ రబ్బరు షీట్ కట్టి, ఆసిడ్, సన్నటి గరుకు పొడి కలిపిన పేస్ట్ మచ్చ మీద పెట్టి నెమ్మదిగా తిరిగే రబ్బరు కప్పుతో కొద్ది సెకన్లు రుద్దుతారు, కడుగుతారు, చూస్తారు, మళ్ళీ రుద్దుతారు. ఆ పేస్ట్‌లో ఎక్కువగా 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుంది, కొందరు ఫాస్ఫారిక్ ఆసిడ్, ప్యూమిస్ పొడి వాడతారు. మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. పోయిన మచ్చ పోయినట్టే, తిరిగి రాదు, ఎందుకంటే మచ్చ ఉన్న పొరే పోయింది. పైగా రుద్దిన చోట పన్ను అద్దంలా నున్నగా అవుతుంది, మామూలు ఎనామిల్ కంటే మెరుస్తుంది.

దీనికీ ఒక హద్దుంది. ఎనామిల్ కొంచెం పల్చబడటం వల్ల లోపలి పసుపు రంగు కాస్త ఎక్కువ కనపడొచ్చు, అందుకే దీని తర్వాత బ్లీచింగ్ పెడతారు, రెండూ కలిస్తే బాగుంటుంది. పది పన్నెండుసార్లు రుద్దినా మచ్చ కదలట్లేదంటే అది లోతుది, ఇంకా రుద్దమని అడగొద్దు, ఆపి వేరే దారి చూడాలి. లోతైన సుద్ద తెలుపుకి ఇది సరిపోదు.

రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్

కాగితం మీద నూనె చుక్క పడితే అక్కడ కాగితం పారదర్శకంగా అయిపోతుంది చూడండి, కాగితంలో ఖాళీలు గాలికి బదులు నూనెతో నిండాయి కాబట్టి. ఈ ట్రీట్‌మెంట్ మొత్తం అంతే. మార్కెట్లో ఐకాన్ అనే పేరుతో దొరికేది, 2009లో వచ్చింది.

పైనున్న గట్టి పొరని 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ జెల్‌తో రెండు నిమిషాలు కరిగించి తలుపు తీస్తారు, కడిగి ఆరబెట్టి, ఆల్కహాల్ రాసి లోపలి తడి లాగేస్తారు, తర్వాత నీళ్ళలా పల్చగా ఉండే రెసిన్ రాసి మూడు నిమిషాలు ఉంచితే అది ఆ ఖాళీల్లోకి ఇంకుతుంది, లైట్ పెట్టి గట్టిపరుస్తారు, ఇంకోసారి రాసి మళ్ళీ లైట్. లెక్కల్లో చెప్పాలంటే వెలుతురు వంగే గుణం ఎనామిల్‌కి 1.62, గాలికి 1.00, నీటికి 1.33, ఈ రెసిన్‌కి 1.52 దగ్గర. ఎనామిల్‌కి ఎంత దగ్గరైతే మచ్చ అంత తక్కువ కనపడుతుంది.

ఇందులో నాకు నచ్చేది ఆ ఆల్కహాల్ రాసే క్షణం. ఆల్కహాల్ కూడా ఖాళీల్లోకి వెళ్తుంది కాబట్టి రెసిన్ వేయకముందే ఫలితం ఎలా ఉండబోతోందో కొన్ని సెకన్లు కనపడుతుంది. ఆల్కహాల్ తగలగానే మచ్చ చటుక్కున మాయమైతే రెసిన్ వేయొచ్చు, ఇంకా తెల్లగానే నిలబడి ఉంటే పై పొర ఇంకా తెరుచుకోలేదన్నమాట, ఆసిడ్ ఇంకోసారి పెట్టాలి. ఫ్లోరోసిస్‌లో పై పొర గట్టిది కాబట్టి రెండుమూడుసార్లు పెట్టడం మామూలే. చేసే డాక్టర్ ఈ దశలో ఆగి, చూసి, ఆలోచిస్తున్నారా అన్నది గమనించండి, అనుభవం ఉన్నవాళ్ళు తొందరపడరు.

గోధుమ రంగుకి ఇది ఒక్కటే సరిపోదు, రంగుని లోపలే పెట్టి మూసేసినట్టవుతుంది, అందుకే గోధుమ రంగుంటే ముందు బ్లీచింగ్‌తో దాన్ని తగ్గించి, రెండు వారాలు ఆగి, అప్పుడు ఇది. రెసిన్ ఇంకిన భాగం తర్వాత బ్లీచింగ్‌కి సరిగ్గా స్పందించకపోవచ్చు కాబట్టి ఈ వరస తిరగబడకూడదు. మరీ లోతు మచ్చల్లో పూర్తిగా పోదు, సగం తగ్గి మసకబారుతుంది, కొంతమందికి అదే చాలు.

బాండింగ్, వెనీర్, క్యాప్

గుంటలు పడ్డాక పైన చెప్పినవేవీ ఒంటరిగా సరిపోవు. అక్కడ కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్‌తో పూడ్చడం, అంటే బాండింగ్, న్యాయమైన దారి. పన్ను తక్కువ కోత పడుతుంది, ఒకే సిట్టింగ్‌లో అవుతుంది, ముక్క విరిగితే ఆ ముక్కే మళ్ళీ వేయొచ్చు. ఐదారేళ్ళలో అంచుల దగ్గర రంగు పట్టడం, మెరుపు తగ్గడం ఉంటుంది. ఫ్లోరోసిస్ ఎనామిల్ ఆసిడ్‌కి త్వరగా లొంగదు కాబట్టి ఎచింగ్, అంటే ఫిల్లింగ్ అతుక్కోవడానికి ఆసిడ్‌తో పన్నుని గరుకు చేయడం, మామూలు కంటే ఎక్కువ సేపు చేయాలి లేదా పై పొర కొంచెం తీయాలి, అలా చేయకుండా మామూలు పద్ధతిలో వేస్తే ఫిల్లింగ్ ఊడొస్తుంది. మీ పళ్ళు ఫ్లోరోసిస్ పళ్ళని డాక్టర్‌కి తెలిసినా సరే, ఎచింగ్ సంగతి ఒక్కసారి అడగండి.

వెనీర్లకి నేను వ్యతిరేకం కాదు. మచ్చ లోతుగా, చాలా పళ్ళ మీద, గుంటలతో సహా ఉండి, వయసు పాతిక దాటి, కిందిమెట్లన్నీ ప్రయత్నించి చూసినవాళ్ళకి పింగాణీ వెనీర్ ఇచ్చినంత నిలకడైన రంగు ఇంకేదీ ఇవ్వదు. కానీ ఇరవై ఏళ్ళకి వేయించుకుంటే డెబ్బై ఏళ్ళలోపు ఎన్నిసార్లు మార్చాలో వేళ్ళ మీద లెక్కేసుకోండి, మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం పన్ను పోయే అవకాశం ఉంటుంది. టీనేజ్‌లో అయితే చిగుళ్ళు ఇంకా పైకి జరుగుతూ ఉంటాయి, ఈరోజు చిగురు కింద దాగిన వెనీర్ అంచు కొన్నాళ్ళకి బయటపడుతుంది. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

క్యాప్ గురించి ఎక్కువ రాయను, టీఎఫ్ 8, 9 దాకా వెళ్ళి పన్ను విరిగిపోతున్నవాళ్ళకి అది అందం కోసం కాదు, పన్ను నిలబెట్టడం కోసం. కేవలం రంగు కోసం నిలువెల్లా బాగున్న పన్నుకి క్యాప్ వేద్దామంటే ఒప్పుకోవద్దు.

మీలాంటివాళ్ళు ఏం చేస్తే బాగుంటుంది

పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు స్కూల్లో ఏడిపిస్తున్నారని నవ్వడం మానేస్తే, మైక్రోఅబ్రేషన్‌తో మొదలుపెట్టొచ్చు, తెల్ల మచ్చలైతే ఇన్‌ఫిల్ట్రేషన్ అడగొచ్చు, గుంటలుంటే కాంపోజిట్. పన్ను పూర్తిగా బయటికొచ్చిందో లేదో డాక్టర్ చూస్తారు. పిల్లల బాధని చిన్నతనం కింద కొట్టేయకండి, నేను ఆ వయసులో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి ఇప్పటికీ అలవాటు కొద్దీ చెయ్యి లేస్తుంది, మచ్చలు లేకపోయినా.

పెద్దవాళ్ళై ఉండి గోధుమ పట్టీలు మాత్రమే ఉంటే మైక్రోఅబ్రేషన్, తర్వాత ఇంటి బ్లీచింగ్. సుద్ద తెలుపు మాత్రమే ఉంటే బ్లీచింగ్, రెండు వారాల గ్యాప్, తర్వాత ఇన్‌ఫిల్ట్రేషన్. రెండూ కలిసి ఉంటే ఈ మూడూ వరసగా, నెలన్నర రెండు నెలలు పడుతుంది.

పెళ్ళి దగ్గర పడింది, ఇంకా మూడు వారాలే ఉంది అంటే, కంగారులో వెనీర్లకి ఒప్పేసుకోవద్దు. ఆ టైములో మైక్రోఅబ్రేషన్ ఒక సిట్టింగ్‌లో అయిపోతుంది, పైపై మచ్చలైతే అదే చాలు, కాకపోతే మిగతాది పెళ్ళి తర్వాత తీరిగ్గా. చివరి వారంలో బ్లీచింగ్ మొదలుపెట్టారంటే నాలుగోరోజు నాకైనట్టే మచ్చలు ఎగిరొచ్చిన పళ్ళతో ఫోటోల్లో ఉంటారు.

బ్రేసెస్ కూడా వేయించుకోవాలనుకుంటే ముందు బ్రేసెస్ పూర్తి చేసి తర్వాత రంగు సంగతి చూడండి, ఫ్లోరోసిస్ ఎనామిల్ మీద బ్రాకెట్లు ఊడటం ఎక్కువ, ఆ మాట కూడా ముందే చెప్పండి.

నిమ్మరసం, ఉప్పు, వంటసోడా, బొగ్గు పొడి, వీటిలో ఏదీ ఫ్లోరోసిస్ మచ్చ తీయదు. మచ్చ ఉన్నది పై పొర కింద, మీరు రుద్దేది పైన. నిమ్మరసం రోజూ రాస్తే ఎనామిల్ కరుగుతుంది, మైక్రోఅబ్రేషన్ కూడా ఆసిడే కదా అంటారేమో, అది రబ్బరు షీట్ కట్టి సెకన్లు లెక్కపెట్టి చేసేది.

ఇక ఎముకల నొప్పులు, నడుము పట్టేయడం లాంటివి కూడా ఉంటే అది పళ్ళ డాక్టర్ ఒక్కరితో తేలేది కాదు, ఎముకల ఫ్లోరోసిస్ వేరే సమస్య, పళ్ళకి ఎంత చేయించినా దానికి ఉపయోగం లేదు, ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే

మీ పళ్ళకి అయిపోయింది అయిపోయింది, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళ పళ్ళు ఇంకా తయారవుతున్నాయి. తాగే నీళ్ళు ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి, డబ్ల్యూహెచ్ఓ హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది, మామూలు క్యాండిల్ ఫిల్టర్, బొగ్గు ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేవు. ఆర్ఓ ఆపుతుంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ ఆపుతుంది, పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి తగ్గిస్తుంది. పసిపిల్లలకి డబ్బా పాలు కలిపేది కూడా ఆ నీళ్ళతోనే కాబట్టి మొదట అక్కడ మార్చండి. పేస్ట్ మానేయొద్దు, పుచ్చుకి అదే కాపలా, కాకపోతే మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, అది కూడా మీరే వేసి పక్కన నిలబడి ఉమ్మేదాకా చూడండి, తియ్యగా ఉంటుందని చాలామంది పిల్లలు చప్పరించి మింగేస్తారు.